ఎనిమిది మడతల కట్టు

ఎరిసా కసిర్యే చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. టీ గ్లాసు ఎత్తితే సగం నేలపాలు. కారణం ఏమిటని మా కిటెంగ ఊళ్ళో ఎవర్ని అడిగినా ఠక్కున చెబుతారు: "అత్తగారి కాలు పట్టుకున్నాడు, ఒబుకో పట్టింది." అత్తా అల్లుడూ ఒకరినొకరు తాకకూడదు. ఒక గదిలో కూర్చోకూడదు, ఎదురుపడితే ఎవరో ఒకరు దారి తప్పుకోవాలి. కాదని తాకితే ఒబుకో పట్టి జన్మంతా చేతులు వణుకుతాయని మా బామ్మల నాటి నుంచీ ఉన్న మాట. నేను ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసినదాన్ని, ఇలాంటివి నమ్మనని అందరితోనూ వాదిస్తాను. మళ్ళీ మా చిన్నల్లుడు బజారులో కనబడితే ఉల్లిపాయల బుట్ట అక్కడే వదిలేసి పక్క దుకాణంలో దూరతాను.

ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించడం నా వల్ల కాదు. వాళ్ళకు తెలిసింది సగమే. తెలియని సగంలో నేనున్నాను. పందొమ్మిదేళ్ళుగా దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. అది చెప్పాలంటే ముందు ఎరిసా ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆయన మా ఆరోగ్య కేంద్రంలో డ్రెస్సరు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కుర్రతనంలో మిషన్ ఆస్పత్రిలో నేల తుడుస్తూ, నర్సులు పుళ్ళు కడిగి కట్లు కడుతుంటే చూసి నేర్చుకున్నాడు. మందిచ్చే వాళ్ళందరినీ మేము ముసావో అంటాం, ఆయన్నీ అలాగే పిలిచేవాళ్ళం. నేను ఆయన కింద పనిమనిషిలాంటి దాన్ని. కత్తెరలు ఉడకబెట్టడం, గాజ్ గుడ్డ కత్తిరించడం, పాత కట్లు గోతిలో వేసి కాల్చడం నా పని. నోటి దురుసు నాకు మొదట్నుంచీ ఉంది. ఆయనకు ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది.

చేరిన కొత్తలో ఒక ముసలాయన మోచేతికి అంటుకుపోయిన కట్టును నేను ఒక్క లాగు లాగేశాను. ఆయన కేక పెట్టాడు. ఎరిసా నన్నేమీ అనలేదు. ఆ మధ్యాహ్నం కర్రపెండలం గంజి కాచి, గుడ్డ ముంచి నా ముంజేతి మీద అతికించాడు. "ఆరేదాకా కదలకు" అన్నాడు. ఆరాక పట్టుకుని చర్రున లాగాడు. నా చేతి మీద నూగంతా దానితో పోయింది. "తెలిసిందా? నీకు పుండు కూడా లేదు" అన్నాడు. ఆ తరవాత నేను ఉప్పునీళ్ళతో నానబెట్టకుండా ఎవరి కట్టూ విప్పలేదు.

ఏ పుండుకి ఏ కట్టు అన్నదాంట్లో ఆయన మాటకు తిరుగుండేది కాదు. కారే పుండుకి పీల్చుకునే పొడి గుడ్డ. కుళ్ళు పొర పట్టినదానికి ఉప్పునీళ్ళ తడి గుడ్డ, లేదంటే పచ్చి బొప్పాయి గుజ్జు. ఎర్రగా కండ పట్టడం మొదలయ్యాక తేనె. మానబోయేదానికి వాసెలిన్ రాసిన గుడ్డ వేసి నాలుగు రోజులు ముట్టుకోకుండా వదిలెయ్యడం. కాలినవాళ్ళకి లేత అరటాకు నిప్పుల మీద తిప్పి మెత్తబడ్డాక చల్లార్చి వేసేవాడు, అది ఒంటికి అంటుకోదు. మా సైకిళ్ళ మెకానిక్ ముగెర్వా మోకాలు చీరుకుపోయి, దాని మీద పళ్ళపేస్టు రాసుకుని వచ్చినప్పుడు, "మోకాలికి పళ్ళెప్పుడు మొలిచాయయ్యా?" అని అడిగాడు. పేస్టు కడగడానికే గంట పట్టింది.

అయితే ఆయన పుండుకంటే ముందు చూసేది పాత కట్టును. విప్పగానే చేత్తో అందుకుని వెలుతురుకేసి పట్టేవాడు. ఎక్కడ తడిసింది, ఎక్కడ ఆరింది, ఏ రంగు, ఏ వాసన. "పుండు ఇప్పుడెలా ఉందో చూస్తే తెలుస్తుంది. నిన్నటి నుంచి ఏం చేసిందో ఈ గుడ్డే చెప్పాలి" అనేవాడు. ఆ ముక్కు అంత పొడుగ్గా దేవుడు ఊరికే ఇవ్వలేదని మేము నవ్వుకునేవాళ్ళం.

పందొమ్మిదేళ్ళ కిందట జనవరి ఎండల్లో, ఒక మంగళవారం, ఆయన భార్య నబ్బోసా వాళ్ళమ్మను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. ఎరిసా వరండాలో కట్లు చుడుతున్నాడు. సైకిలు మీద అత్తగారి నీలం గోమేసి గౌను కనబడగానే చేతిలో ఉన్నది కింద పడేసి సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వరుసలో కూర్చున్న రోగులు ఘొల్లున నవ్వారు.

"ముసావో ఏం చూశాడు, చిరుతపులినా?" అన్నాడు ముగెర్వా.

"చిరుతైతే నిలబడేవాడు" అన్నది అతని పక్కనున్న ముసలామె. "అత్తగారు."

అత్తగారు నల్వోగా అంత కాలి పుండుతోనూ చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, మూసిన తలుపుకేసి పలకరించింది. "అల్లుడుగారూ, పొద్దున బాగా లేచారా?"

"బాగానే లేచానండి అత్తగారూ. మీరెలా లేచారు?" అని తలుపు అడిగింది.

"మేమూ బాగానే లేచామండి. పిల్లలు?"

"చల్లగా ఉన్నారండి. మీ తోట?"

తోట, మేకలు, వానలు, అన్నీ అయ్యేదాకా ఆ పలకరింపులు సాగాయి. ఈలోగా ఆవిడ కాలి గుడ్డ నుంచి చాప మీదకు కారుతోంది. నాకు ఒళ్ళు మండింది. "పెద్దమ్మా, మేకల సంగతి తరవాత. ముందు లోపలికి రండి" అన్నాను.

కుడి కాలు, చీలమండ కింద బయటి వైపు. మూడు వారాల కిందట అరటితోటలో కలుపు తీస్తూ పార తగిలించుకుందట. ఏవో ఆకులు నూరి, చెట్టు బెరడు దంచి చేసే పాత బెరడుగుడ్డ పీలికతో కట్టుకుంది. నేను విప్పుతుంటే ఆవిడ మొహంలో ఎక్కడా బాధ లేదు. "నొప్పే లేదు తల్లీ, ఎందుకింత హడావుడి" అంది. అంత పుండుకి నొప్పి లేకపోవడమే చెడ్డ సంగతని అప్పుడు నాకు తెలియదు.

మా సిస్టరు ప్రసవాల గదిలో ఉంటే తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. కట్లన్నీ ఎరిసావే. ఇప్పుడేం చెయ్యాలి? కట్టు గదికీ సామాన్ల గదికీ మధ్య గోడలో సామాను అందించుకునే చిన్న కిటికీ ఉంది. దానికి గుడ్డ వేలాడేశాం. ఆయన అటు, మేము ఇటు. ఆయన అడుగుతాడు, నేను చూసి చెబుతాను, ఆయన ఎంచినది కిటికీలోంచి ఇస్తాడు, నేను కడతాను. సుబ్బరంగా ఉందనుకున్నాం. ఆచారానికి ఆచారం, వైద్యానికి వైద్యం.

"ఎంత లోతు?" అన్నాడు గుడ్డ వెనక నుంచి.

"నా చిటికెన వేలు గోరు మునిగేంత."

"అంచులు?"

"పసుప్పచ్చ పొర ఉంది. కింద కాస్త ఎరుపు."

"ఆ పాత గుడ్డ ఇటివ్వు."

తిరిగి చూస్తే బెరడుగుడ్డ లేదు. నల్వోగా దాన్ని ఎప్పుడో నడుం గుడ్డలో దోపేసుకుంది. "దొరకలేదు ముసావో" అన్నాను. సరే, ఉప్పునీళ్ళతో కడిగి తడి కట్టు వెయ్యమన్నాడు. మామూలుగా గాజ్‌ని నాలుగు మడతలు వేస్తాం. ఆవేళ కిటికీలోంచి వచ్చినది ఎనిమిది మడతలు. అంచుల్లో పోగులు బయటికి రాకుండా లోపలికి మడిచి ఉంది, పెళ్ళి చేతిరుమాలులాగ.

"ఇంత సొగసు ఎవరికోసం?" అన్నాను.

"పోగులు పుండులో చిక్కితే ఆవిడకి ఇబ్బంది. నోరు మూసుకుని కట్టు" అన్నాడు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. కట్టు నానబెట్టి విప్పాను. "పాత కట్టు ఇటివ్వు" అని కిటికీ లోంచి చెయ్యి వచ్చింది. ఇవ్వబోతుంటే నల్వోగా నా మణికట్టు పట్టుకుంది. అరవై ఏళ్ళ ముసలిదానికి అంత పట్టు ఎక్కణ్ణించి వచ్చిందో.

"వద్దు తల్లీ" అంది గుసగుసగా. "నా ఒంటి రసి. నా అల్లుడి చేతిలో పెడతావా? నన్ను తాకినట్టే కదా. ఆ చేతులకేమన్నా అయితే? ఆ చేతులే కదా నా బిడ్డకి అన్నం పెట్టేవి."

కిటికీలో చెయ్యి అలాగే చాపి ఉంది. ఇటు మణికట్టు మీద ఈవిడ చెయ్యి. నా పని గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. కాలి దగ్గర బకెట్టులో ముగెర్వా మోకాలి నుంచి అంతకు ముందే విప్పిన కట్టు ఉంది. ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెయ్యగలిగేదాన్ని కాదు. అది తీసి ఆ చేతిలో పెట్టాను. నల్వోగా నిట్టూర్చి, నా బుగ్గ నిమిరింది.

గుడ్డ వెనక ఆయన మడతలు విప్పుతున్న అలికిడి వినబడింది. చివరికి, "పుండెలా ఉంది?" అన్నాడు.

"నిన్నటిలాగే" అన్నాను. అది నిజం.

"ఉప్పునీళ్ళే కొనసాగించు."

ఆ రోజు ఏ నష్టమూ లేదు. అందుకే మర్నాడు కూడా అదే చేశాను. ఆ మర్నాడూ అంతే. నల్వోగా కట్టు నేరుగా గోతిలోకి, ముగెర్వా కట్టు కిటికీలోకి. ముగెర్వా మోకాలు రోజురోజుకీ మానుతోంది. పళ్ళపేస్టు పెట్టుకున్న మొద్దు మోకాలే అయినా మంచి రక్తం ఉన్న కుర్రాడిది. కట్టు మీద మొదటి రోజు మరక అరచేయంత ఉంటే, నాలుగో రోజుకి బొటనవేలి గోరంత.

నల్వోగా పుండు అలా లేదు. తడి తగ్గలేదు. ఇక్కడ నేను చేసిన పాపం గుడ్డ మార్చడం కంటే పెద్దది. ఆయన చేతిలో గుడ్డ మానుతున్నానంటోంది. నేను మానడం లేదంటే ఆ గుడ్డ ఎవరిదని అడుగుతాడు. అందుకని గుడ్డ చెప్పినదానికి సరిపోయేట్టు మాట చెప్పడం మొదలుపెట్టాను.

"అంచులు?"

"గులాబీ రంగుకి తిరుగుతున్నాయి."

"పొర?"

"పోయినట్టే."

"పోయిందా, పోయినట్టేనా?"

"పోయింది ముసావో" అన్నాను. పోలేదు. మూడడుగుల అవతల సిస్టరు ఉంది. పిలిస్తే రెండు నిమిషాల్లో చూసి వెళ్ళేది. పిలవలేదు. పిలిస్తే నా మార్పిడి బయటపడుతుంది, ఆవిడ తిడుతుంది, ముసలావిడ పరువు పోతుంది. ఇన్ని సాకులు చెప్పుకున్నాను. నిజం ఒక్కటే, నాకు భయం వేసింది.

ఐదో రోజు ఎరిసా కట్టు రకం మార్చాడు. "మానుతోందంటున్నావు కదా, ఇక రోజూ కదిలించొద్దు. వాసెలిన్ గుడ్డ వేసి మూసెయ్, నాలుగు రోజులు విప్పొద్దు. ఆవిడ అంత దూరం రోజూ రావడమెందుకు" అన్నాడు. మళ్ళీ ఎనిమిది మడతల గుడ్డే, వాసెలిన్ పట్టించి ఇచ్చాడు. మానబోయే పుండుకి అంతకు మించిన కట్టు లేదు. కుళ్ళుతున్న పుండుకి అంతకు మించిన హాని లేదు. అది నాకు తెలుసు, ఆయనే నేర్పాడు. అయినా కట్టాను. నా చేతులతో బిగించి ముడి వేశాను.

నల్వోగా సంతోషానికి అంతులేదు. మర్నాడు మనవరాలితో ఒక కోడిపుంజును పంపింది, అల్లుడిగారి వైద్యానికని. నబ్బోసా దాన్ని అరటాకులో చుట్టి ఆవిరికి ఉడికించి, పల్లీల పులుసుతో నాకూ ఒక గిన్నె పంపింది. మా అమ్మ తరం ఆడవాళ్ళు ఆచారమని కోడిమాంసం ముట్టేవాళ్ళు కాదు. నేను ఎముకలతో సహా నమిలాను.

నాలుగు రోజులయ్యాక విప్పితే వాసన వచ్చింది. అంచు బూడిద రంగులో ఉంది. "ఎలా ఉంది?" అని కిటికీ అడిగింది. ముగెర్వా ఆ వారం రాలేదు, అతని మోకాలు మానిపోయింది. ఇవ్వడానికి గుడ్డ లేక, "గోతిలో పడేశాను ముసావో, మరిచిపోయి" అన్నాను. "కొంచెం తడిగా ఉంది, అంతే."

"కొంచెమంటే?"

"కొంచెమే."

తరవాత ఇంకో వాసెలిన్ గుడ్డ వచ్చింది. దాన్నీ కట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం నబ్బోసా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. అమ్మకి జ్వరం, కాలు మోకాలిదాకా ఉబ్బింది, మాట తడబడుతోందంది. ఎరిసా పెట్టె తీసుకుని నా సైకిలెక్కాడు. నేను వెనక కూర్చున్నాను. మూడు మైళ్ళూ ఆయన ఆపకుండా తొక్కాడు.

నల్వోగా ఇంటి గుమ్మం దగ్గర నేను ముందు దిగి లోపలికి వెళ్ళబోయాను, ఎప్పటిలాగే నేను చూసి ఆయనకు చెప్పాలని. ఆయన నా భుజం పట్టి పక్కకు జరిపాడు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. చాప మీద పడుకున్న ఆవిడ అల్లుణ్ణి చూసి చేతులు అడ్డం పెట్టుకుంది, గోడవైపు తిరిగి, నడుం గుడ్డ లాగి మొహం మీద కప్పుకుంది. ఆ గుడ్డ కింద నుంచి, "అయ్యో అల్లుడుగారూ, వద్దండీ, వద్దండీ" అని సన్నగా వినబడుతూనే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. నానబెట్టి, తడిపి, మెల్లగా విప్పాడు. గదంతా వాసన కొట్టింది. ముక్కు మూసుకోలేదు. వంగి మూడుసార్లు వాసన చూశాడు. తల ఎత్తి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ చూపులో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

బొగ్గుల లారీ ఒకటి దొరికితే మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మోకాలి కింద కాలు తీసేశారు. "రక్తంలో చక్కెర ఉంది. ముందే చూసినా పాదం దక్కేదో లేదో చెప్పలేం, మీరు మనసులో పెట్టుకోకండి" అని అక్కడి డాక్టరు ఎరిసాతో అన్నాడట. అది విని నాకు ఒక పూట ఊపిరి వచ్చింది. ఒక్క పూటే. దక్కేదో లేదో చెప్పలేం అంటే, దక్కేదేమో అని కూడా.

తీసేసిన చోట మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ కట్లన్నీ ఎరిసానే కట్టాడు, స్వయంగా, నల్వోగా ఇంటికి వెళ్ళి. ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. ఆయన అన్న వచ్చి, "పరువు తీశావు, రేపు చేతులొణికితే మా దగ్గరికి రాకు" అని వాకిట్లో నిలబడి అరిచి వెళ్ళాడు. నేనూ ఆయన వెంట వెళ్ళేదాన్ని. వెళ్ళక తప్పదు, ఎందుకంటే నల్వోగా ఆయనతో మాట్లాడదు. కాలు ఆయన ఒళ్ళో ఉంటుంది, మొహం మీద గుడ్డ ఉంటుంది, మాట నాకు చెబుతుంది.

"తేయోపిస్తా, అల్లుడుగారితో చెప్పు, కొంచెం బిగుతుగా ఉందని."

"తేయోపిస్తా, అత్తగారితో చెప్పు, వదులు చేస్తున్నానని."

ఇద్దరి మధ్యా జానెడు దూరం లేదు. నేను మధ్యలో కూర్చుని వినబడ్డ మాటనే మళ్ళీ చెప్పాలి. బయటివాళ్ళు చూస్తే నవ్వుకునేవాళ్ళు. ఇద్దరి మాటలూ మోశాను కానీ, చెప్పాల్సిన నా మాట ఒక్కటి గొంతు దాటలేదు. ఒకరోజు ఎరిసా చేతులు కడుక్కోడానికి బయటికి వెళ్ళినప్పుడు నల్వోగా గుడ్డ తీసి నా చెవిలో అంది: "ఆ కట్లు ఆయన చేతికివ్వకుండా నా పరువు కాపాడావు. కాలు పోతే పోయింది. నువ్వు మంచిదానివే పిల్లా." నా తల తీసేసినట్టయింది.

ఆవిడ చంకకర్రతో పదకొండేళ్ళు బతికింది. ఒంటికాలితోనే నేల మీద కూర్చుని కలుపు తీసేది. పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడైతే ఇంత గొడవ లేదు, నబ్బోసా ఫోనులో ఒక ఫోటో తీసి చూపిస్తే సరిపోయేది. అలా అనుకోవడం కూడా ఒక సాకే.

ఎరిసాకు చేతులు వణకడం మొదలై నాలుగేళ్ళు. మిషన్ ఆస్పత్రిలో నరాల జబ్బన్నారు, మాత్రలిచ్చారు. ఊరు దాని పేరు ఒబుకో అంది. ఆయన ఎవరినీ కాదనలేదు. మొన్న మేలో పొద్దున్న టీ ఒలికి తొడ కాలింది. నబ్బోసా కబురు పంపింది: "అక్కా, ఆయన ఇంకెవర్నీ రానివ్వడంలేదు."

లేత అరటాకు తీసుకెళ్ళి, నిప్పుల మీద తిప్పి, చల్లార్చి వేశాను, ఆయన నేర్పినట్టే. రెండో రోజు వెళ్ళి పాత ఆకూ దాని మీది గాజ్ గుడ్డా విప్పాను. వణుకుతున్న చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

ఇచ్చాను. రెండు చేతులా పట్టుకున్నా ఆ గుడ్డ రెపరెపలాడుతూనే ఉంది. కిటికీ వెలుతురులోకి ఎత్తి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది నాదే" అన్నాడు.

ఆ మాట ఏ గుడ్డల గురించో నాకర్థమైంది. ఇక దాచి ప్రయోజనం లేదు. ముగెర్వా మోకాలు, బకెట్టు, నల్వోగా నా మణికట్టు పట్టుకోవడం, పోని పొరని పోయిందనడం, వాసన వచ్చినా కొంచెం తడనడం, అన్నీ చెప్పేశాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఆయన అడ్డు రాలేదు.

"తెలుసు" అన్నాడు నేను ఆగాక.

"నబ్బోసా చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదు. ఆవిడకి నేను మడిచింది ఎనిమిది మడతలు. అంచులు లోపలికి. నువ్వు నా చేతిలో పెట్టింది నాలుగు మడతల గుడ్డ. పోగులు వేలాడుతున్నాయి. ఒక మూల సైకిలు గ్రీసు వాసన." చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "మొదటి రోజే తెలుసు."

పందొమ్మిదేళ్ళు నేను మోసిన మూట ఆయన ఎదురుగా మోస్తున్నానన్నమాట, ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. జాలి పోయి కోపం వచ్చింది. "మరి అడగలేదేం? ఒక్క మాట. ఇది ఎవరిదే అని ఒక్క మాట అడిగి ఉంటే."

"అడిగితే నువ్వు ఆవిడది తెచ్చిస్తావు" అన్నాడు. "చెయ్యి అలవాటుకొద్దీ చాపాను. నాకు మాత్రం అది వద్దు, తేయోపిస్తా. ఈ చేతులు వణికితే నా బతుకేం కాను అని భయపడ్డాను. గుడ్డ అబద్ధమని తెలుసు. నీ కళ్ళయినా నిజం చెబుతాయిలే అనుకున్నాను. నువ్వు నసిగినప్పుడల్లా అనుమానం వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మింగేశాను." తన చేతుల్ని చూసుకున్నాడు. "వీటికోసం."

పెరట్లో నబ్బోసా మటోకే అరటికాయలు ఒలుస్తోంది, తొక్కలు గిన్నెలో పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఆమెకి ఈ రెండు ముక్కల్లో ఏదీ తెలియదు.

"కట్టు వెయ్యి, గాలికి మండుతోంది" అన్నాడు. కొత్త ఆకు పరిచాను. గాజ్ నాలుగు మడతలు వేయబోయి, విప్పి, ఎనిమిది వేసి, అంచులు లోపలికి మడిచాను. ఆయన చూశాడు. ముడి వేస్తుంటే అన్నాడు:

"తేయోపిస్తా, అత్తగారితో చెప్పు."

"ఏమని చెప్పనండి?"

"ఆ గుడ్డ ఆవిడది కాదని నాకు మొదటి రోజే తెలుసని."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నల్వోగా తోటకి వెళ్ళాను. సమాధి అరటిచెట్ల మధ్యలో, భర్త పక్కనే. ఎండుటాకులు పడి ఉంటే ఏరాను. చాప లేక నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుని, పద్ధతి ప్రకారం, బాగా లేచారా పెద్దమ్మా అని పలకరించాను. అల్లుడుగారు ఇలా చెప్పమన్నారని, ఆయన అన్న మాట అన్నట్టే చెప్పాను. నేను చెప్పాల్సింది కూడా ఉంది. నోరు తెరిచాను. నేను మీ పరువు కాపాడాననుకుంటూ పోయారు కదా అని మొదలుపెట్టబోయాను. ఇంకో ఎండుటాకు ఏరి పక్కన పెట్టాను. ఆయన కబురు మాత్రం చెప్పి, లేచి, దులుపుకుని ఇంటికొచ్చేశాను.